మన పెరడు: పిల్లలున్న ఇంటికి ఎటువంటి పుంజు?



పులివెందుల నుండి ఒక సహోదరి మాకు ఉత్తరము వ్రాశారు. ఆమె పెరటిలో తొమ్మిది నాటు పెట్టలు, ఒక పుంజు ఉన్నవి. పుంజు చూపులకు చాల బాగుంటుందట. కాని బట్టలు ఆరవేయడానికి వెళ్ళినా, పిల్లలు బంతి కోసము వెళ్ళినా వెనుక నుండి ఎగిరి తంతున్నదట. "దీనిని కోసుకొనడమా, అమ్మడమా తెలియడము లేదు. ఇంకొకటి తెచ్చుకొంటే అదీ ఇట్లే తయారవదని నమ్మకమేమి? సాధువైన పుంజును ముందుగానే గుర్తుపట్టే ఉపాయము ఏదైనా ఉన్నదా?" అని అడిగారు.

మునగకు పట్టే గొంగళిపురుగును గూర్చి, పెట్టలు తోలుగుడ్లు పెట్టడమును గూర్చి ఎందరో వ్రాశారు గాని, పుంజు స్వభావమును గూర్చి ఇంతవరకు ఎవరూ అడుగలేదు. రెండేండ్ల క్రితము అడిగి ఉంటే మాకూ చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు కొంత చెప్పగలము. నేర్చుకొన్న విధము మాత్రము మేము గొప్పగా చెప్పుకొనేది కాదు.

మేము ప్రొద్దుటూరులో ఉంటాము. ఇంటి వెనుక మూడు సెంట్ల స్థలము, ఒక వేపచెట్టు, రెండు మునగలు, ఎనిమిది పెట్టలు. రెండేండ్ల క్రితము మా సంఘములో కోతపండుగ జరిగినప్పుడు, ఎప్పటివలెనే అందరూ తెచ్చిన జొన్నలు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్ళు ఆరాధన తరువాత వేలము వేశారు. వాటిలో ఒక ఎర్రని పుంజు ఉన్నది. కాళ్ళు కట్టి బల్ల మీద పెట్టినా తల ఎత్తి, గుడి అదిరేటట్టు కూసింది. అందరూ నవ్వారు. మేము పాట పెంచుతూ పోయి చివరకు దానిని ఇంటికి తెచ్చుకొన్నాము. ఇచ్చిన డబ్బు ఎక్కడికి పోవాలో అక్కడికే పోయింది గనుక ధర గూర్చి విచారము లేదు. కాని కొనేటప్పుడు మేము చూసినవి మూడే: రంగు, తోక, గొంతు. కాళ్ళు కట్టిన పుంజు సాధువో కాదో ఎవరు చెప్పగలరు?

రెండు నెలలు అది మా పెరటికి రాజు. పాలు పోసే అతనిని రెండుసార్లు తరిమింది. నీళ్ళ బిందెతో వెళ్తుంటే పక్కగా నడచి వచ్చి, ఒక రెక్క నేలకు దించి, మడమ మీద పొడిచింది. మేము నవ్వుకొన్నాము. "మన ఇంటికి కుక్క అక్కరలేదు" అని వచ్చినవారికి చెప్పుకొన్నాము కూడ. పెట్టలు నాలుగింటికి వీపు మీద ఈకలు రాలి తోలు కనబడుతుంటే, ఈకలు మార్చే కాలమేమో అనుకొన్నాము.

సంక్రాంతి సెలవులకు బెంగళూరు నుండి మా అమ్మాయి, నాలుగేండ్ల మనుమరాలు వచ్చారు. పాప గుడ్డు దొరికిందని గూటి దగ్గర గొంతుకూర్చున్నది. పుంజు ఎప్పుడు వచ్చిందో ఎవరమూ చూడలేదు. అరుపు విని వెళ్ళేసరికి పాప ముఖమంతా రక్తము. కాలి ముల్లు కనుబొమ్మకు కొంచెము పైన తగిలింది. రెండు కుట్లు వేశారు, ధనుర్వాతము రాకుండ సూది వేశారు. కుట్లు వేసిన డాక్టరు ఏమీ అనలేదు గాని, తన వేలితో గాయము నుండి కంటి వరకు కొలిచి చూపించాడు. అంగుళము లేదు.

ఆ రాత్రి పాప నిద్రపోయిన తరువాత మా అమ్మాయి ఒకే మాట అడిగింది: "అది ఇంతకు ముందు ఎవరినైనా పొడిచిందా?" మా ఇద్దరిలో ఎవరమూ వెంటనే జవాబు చెప్పలేకపోయాము.

పుంజును ఆ పూటే కోయాలన్నంత కోపము వచ్చింది. కాని కోసినా ఎవరికీ ముద్ద దిగేటట్టు లేదు. అమ్ముదామనుకొన్నాము. రెండవ రోజు ఒక యువకుడు మోటారు సైకిలు మీద వచ్చాడు. ముందు పెట్రోలు ట్యాంకు మీద అతని కూతురు కూర్చొని ఉన్నది, మా మనుమరాలి ఈడే. అతడు పుంజును చూసి ముచ్చటపడ్డాడు. ధర కూడ ఎక్కువ తక్కువ లేకుండ ఒప్పుకొన్నాడు. ఇది మనుషులను పొడుస్తుందా అని అతడు అడుగలేదు. అడుగలేదు గనుక చెప్పనక్కరలేదని ఒక నిమిషము మనసుకు తోచింది, దాచడమెందుకు. తరువాత పాపను చూపించాము, కుట్లు చూపించాము. అతడు వందనాలు చెప్పి వెళ్ళిపోయాడు. వారము తరువాత పులివెందుల వైపు చీనీ తోట ఉన్న ఒక పెద్దాయన, సంగతంతా విని, సగము ధరకు తీసుకొనిపోయాడు. ఆ తోటలో పిల్లలు లేరు. అక్కడ కాపలా కుక్కలు దానిని చూసి దారి మార్చుకొంటున్నవని తరువాత తెలిసింది.

అటు తరువాత మేము జమ్మలమడుగు దగ్గర, పెన్న ఒడ్డున ఒక పల్లెలో ఉన్న మా మేనత్త దగ్గరకు వెళ్ళాము. ఆమెకు డెబ్బది దాటినవి. చిన్నప్పటి నుండి కోళ్ళు లేని రోజు లేదు. మా కథ విని, "తురాయి చూసి పుంజును తెచ్చుకోని, బిడ్డకు దెబ్బ తగిలినంక నా దగ్గరికి వచ్చినారా?" అన్నది. మేము తల వంచుకొన్నాము. "ఈ రాత్రికి పండుకోండి. పొద్దున్నే గూడు తీసేటప్పటికి లేయాల. పుంజును చూసేది అప్పుడు" అన్నది.

తెల్లవారుతుండగా నులకమంచము మీద కూర్చోబెట్టి, చేతికి టీ ఇచ్చి, మాట్లాడకుండ చూడమన్నది. గూటి తలుపు తీసేముందు ఆమె చెప్పిన మాట మాకు ఇప్పటికీ చెవిలో ఉన్నది: "పుంజును తర్వాత చూద్దురులే. ముందు పెట్టల వీపులు చూడండి." పన్నెండు పెట్టలు ఒక్కొక్కటిగా దిగినవి. ఏ ఒక్కదానికీ వీపు బోడిగా లేదు, మెడ వెనుక గాయము లేదు. పుంజు జత కట్టేటప్పుడు పెట్ట మెడ ఈకలను పట్టుకొని వీపు మీద నిలబడుతుంది గనుక ఒకటి రెండు ఈకలు చెదరడము సహజమే. కాని సగము మందకు వీపు తోలు కనబడుతున్నదంటే ఆ పుంజు మొరటుదని, లేదా పెట్టలు తక్కువై ఉన్న వాటి మీదనే భారము పడుతున్నదని అర్థము. మా పెరటిలో ఆ గుర్తు రెండు నెలలు మా కండ్ల ముందే తిరిగింది.

గూటి నుండి దిగిన పుంజు రెక్కలు కొట్టుకొని కూసి, ఒక పెట్ట చుట్టు రెక్క దించి అరచక్రముగా తిరిగింది. ఆ పెట్ట ఒప్పుకొనక తప్పించుకొనిపోయింది. పుంజు నాలుగడుగులు వెంట పోయి నిలిచిపోయింది, ఏమీ జరుగనట్టు నేల గీకసాగింది. "అదీ! వద్దని పోయిన పెట్టను పోనిచ్చిందా లేదా?" అన్నది అత్త. మొరటు పుంజు అట్లు వదలదు. పెరడంతా తరిమి, మూలకు పట్టి, తలమీద పొడిచి లొంగదీస్తుంది. పుంజు దిగినా గూటిలో నుండి దిగడానికి పెట్టలు జంకుతున్నా, పగలంతా గంప చాటున, చెట్టు మీద దాగుతున్నా ఆ పుంజు మనకు వద్దు.

తరువాత ఆమె పిడికెడు జొన్నలు చల్లింది. పుంజు ఒక గింజ ముక్కుతో తీసి, క్రింద వేసి, మరల తీసి, కుక్ కుక్ కుక్ అని త్వరత్వరగా పిలిచింది. పెట్టలు ఉరికి వచ్చి దాని ముక్కు దగ్గరి గింజలు తిన్నవి. అది చాలసేపటికి గాని తాను తినలేదు. పల్లెలలో అందరమూ చూసినదే ఇది. పాశ్చాత్య దేశాల శాస్త్రజ్ఞులు 1980ల నుండి ఈ పిలుపును గూర్చి చాల శోధించారు. మంచి మేత దొరికినప్పుడు పుంజు ఎక్కువగా పిలుస్తుందని, దగ్గరలో పెట్టలుంటే మరీ పిలుస్తుందని కనుగొన్నారు. తినడానికి పనికిరాని వస్తువును ముందు పెట్టుకొని కూడ పిలిచే సందర్భాలున్నవని వారే చెప్పారు. మా వేలంపాట పుంజు సరిగ్గా అట్లే చేసేది. పిలిచేది, పెట్టలు పరుగెత్తి వస్తే మెడ పట్టుకొనేది. గింజ ఉంటే తానే మింగేది. కాబట్టి పిలుపు వినడముతో ఆగక, పిలుపుకు వచ్చిన పెట్ట కడుపు నిండిందో లేదో చూడాలి.

మేము చూస్తుండగానే ఆకాశములో గద్ద తిరిగింది. పుంజు తల పక్కకు వంచి ఒంటి కంటితో పైకి చూసి సన్నగా, పొడుగ్గా ఒక కూత వేసింది. పెట్టలు, పిల్లలు క్షణములో కంపచెట్ల క్రింద చేరినవి. పుంజు మాత్రము బయటనే నిలిచి ఉన్నది. ఆకాశము నుండి వచ్చే శత్రువుకు ఒక కూత, నేల మీద వచ్చే కుక్కకో ముంగిసకో వేరొక కూత. ఈ రెండింటి తేడా కోళ్ళకు తెలుసునని, గద్ద కూతకు దాగుతవని, కుక్క కూతకు మెడ ఎత్తి చూస్తవని పరిశోధనలలో తేలింది. సాధువైన పుంజు పిరికిదై ఉంటుందేమో, పెట్టలను కాపాడదేమో అని పులివెందుల సహోదరి కూడ అనుమానపడ్డారు. ఆ ఉదయము తరువాత మాకు ఆ అనుమానము లేదు.

చివరి పరీక్ష మనుషులది. అత్త గంప చేతపట్టుకొని, ఎటూ చూడక, నేరుగా పుంజు మీదికే నడచింది. అది ఒక గజము దూరములో ఉండగానే పక్కకు తప్పుకొని, ఓరగా చూస్తూ తన పని చూసుకొన్నది. మరలి వచ్చేటప్పుడు కూడ అంతే. తరువాత మమ్మల్ని, అంటే దానికి కొత్తవారిని, నడువమన్నది. ఇంకొంచెము దూరముగా తప్పుకొన్నది. "మనిషి వస్తే దారి ఇయ్యాల. పరుగెత్తి చావనూ కూడదు, నిలబడి మెడ ఈకలు లేపనూ కూడదు" అన్నది. పెట్ట ముందు రెక్క దించి తిరగడము సరసమే గాని, మనిషి ముందు అదే పని చేస్తే అది బెదిరింపు. దాని తరువాతి మెట్టు ఎగిరి తన్నడమే. మా పుంజు నీళ్ళ బిందె వెంట నడచిన నడక అదే. మేము దానిని ఆటగా తీసుకొన్నాము.

ఇక్కడ కొందరు నమ్మడానికి ఇష్టపడని సంగతి ఒకటున్నది. చేతిలో పెట్టుకొని, ఒడిలో పండుకోబెట్టి, ముద్దుగా పెంచిన పుంజుపిల్ల పెద్దదైతే అందరికన్న సాధువుగా ఉంటుందని మనము అనుకొంటాము. చాలమంది పెంపకందారుల అనుభవము దీనికి విరుద్ధముగా ఉన్నది. పెట్టపిల్లలను ఎంత మచ్చిక చేసినా నష్టము లేదు. పుంజుపిల్లకు మనిషి అంటే జంకు పూర్తిగా పోతే, వయసు వచ్చిన తరువాత మనిషిని మరొక పుంజుగా లెక్కకట్టి పోటీకి వస్తుంది. మేత వేయండి, మాట్లాడండి, ఎత్తుకొని తిరగకండి. పిల్లలను మాత్రము గట్టిగా హెచ్చరించండి. చీపురు చూపి ఉసిగొల్పడము, గూటి సందులో పుల్లతో పొడవడము వంటి ఆటలతో బంగారము వంటి పుంజు కూడ చెడుతుంది.

వయసు సంగతి కూడ ముఖ్యమే. అత్త పెరటిలో నాలుగు నెలల పుంజుపిల్లలు మూడు ఉన్నవి. వాటిలో ఒకటి ఇమ్మంటే ఆమె ఇవ్వలేదు. "ఆరు నెలల లోపల అన్నీ మంచివే" అన్నది. కూత నేర్చి, పెట్టల వెంటపడే వయసు అయిదారు నెలలకు మొదలవుతుంది. కొన్ని నాటు జాతులకు ఇంకా ఆలస్యము. అసలు గుణము అప్పుడే బయటపడుతుంది. సంవత్సరము నిండిన పుంజును, దాని సొంత పెరటిలో, పెట్టల మధ్య చూసి తీసుకొంటే మోసపోము. సంతలో గంప క్రింద చూసి ఎంచడము మా వేలంపాట వంటిదే. సంతలో తప్ప దొరకకపోతే అమ్మేవారి ఇల్లు అడిగి వెళ్ళండి. కుదిరితే తండ్రి పుంజునూ చూడండి. స్వీడన్ దేశములో లింషోపింగ్ విశ్వవిద్యాలయమువారు, మన కోళ్ళకు మూలమైన ఎర్ర అడవికోళ్ళలో మనిషికి తక్కువగా భయపడేవాటిని తరతరాలుగా ఏరి పెంచి, జంకూ మచ్చికా కొంతవరకు తల్లిదండ్రుల నుండి పిల్లలకు వస్తవని చూపించారు. అత్తకు స్వీడన్ తెలియదు. "దీని నాయన నా కాళ్ళ సందున తిరిగేది, ఒక్కనాడు ముక్కు ఆనించలేదు" అని మాత్రము చెప్పింది.

జాతిని గూర్చి కూడ వ్రాయవలసి ఉన్నది, ఎందుకంటే పందెము జాతి పుంజులన్నీ కోపిష్టివని మనలో ఒక నమ్మకము. పల్నాటి కథలో బ్రహ్మనాయుడు, నాగమ్మల కోడిపందెము వినని తెలుగువారు లేరు. కృష్ణా, గోదావరి జిల్లాలలో సంక్రాంతికి ఇప్పటికీ పుంజుల కాళ్ళకు కత్తులు కడుతున్నారు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టము, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూద చట్టము రెండూ దానిని నేరమంటున్నవి. 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా లొత్తునూరులో పందెమునకు తెచ్చిన పుంజు కాలి కత్తి తగిలి మనిషే చనిపోయాడు. పోలీసులు ఆ పుంజును ఠాణాలో ఉంచారు. కత్తి కట్టినది పుంజు కాదు గదా. మన ఆసిల్ జాతి సాటి పుంజును చూస్తే ప్రాణము పోయినా వదలదు, కాని పెంచిన మనిషి చేతిలో నెమ్మదిగా ఉంటుందని దానిని పెంచేవారందరూ చెబుతారు. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయములో ఇద్దరు ముగ్గురు పరిశోధకులు 2000 సంవత్సరములో ప్రచురించిన పరిశీలన ఇంకా విచిత్రమైనది. మాంసపు కోళ్ళ జాతి పుంజులు, గుడ్ల జాతి పుంజులు, పందెము జాతి పుంజులు పెట్టలతో ఎట్లు ప్రవర్తిస్తవో పోల్చి చూస్తే, పెట్టలను ఎక్కువగా హింసించినవి మాంసపు జాతి పుంజులు. సాటి పుంజు మీద పగ వేరు, పెట్ట మీద మొరటుతనము వేరు, మనిషి మీదికి ఎగరడము వేరు. ఒకటి ఉన్నంతమాత్రాన మిగిలినవి ఉంటవని గాని, లేకుంటే లేవని గాని అనుకోరాదు. ఆసిల్ పుంజును పెంచితే మాత్రము పక్కింటి పుంజుతో గొడవ ఖాయము. గోడ ఎత్తుగా ఉండాలి.

రంగు చూసి గుణము చెప్పేవారూ ఉన్నారు. నల్లది కాకి, ఎర్రది డేగ, తెల్లది సేతు అని కుక్కుట శాస్త్రములో పేర్లున్నవి, ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో కూడ అందులో వ్రాసుకొన్నారు. మా డేగ మమ్మల్ని ఏడిపించింది, అత్త డేగ దారి ఇచ్చింది. ఇంతకన్న దానిని గూర్చి చెప్పడానికి లేదు.

బరువు మాత్రము చూడాలి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థవారు తయారు చేసిన వనరాజా, గ్రామప్రియ కోళ్ళు ఇప్పుడు పల్లెలలో చాల కనబడుతున్నవి. వనరాజా పుంజు బాగా బరువు పెరిగేది. ఒకటి, ఒకటిన్నర కిలోల నాటు పెట్టల మధ్య అంత బరువైన పుంజును వదిలితే, అది ఎంత సాధువైనా పెట్టల వీపులు నలుగుతవి. మీ పెట్టల కన్న కొంచెము పెద్దదైతే చాలు.

ఇంతకూ మీకు పుంజు కావాలా? ఈ ప్రశ్న ముందే వేయవలసినది. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది, తినే గుడ్డుకు లోపమేమీ లేదు. పొదగవేసి పిల్లలు తీయాలనుకొంటేనే పుంజు అవసరము. పసిపిల్లలున్న చిన్న పెరడు, నాలుగు పెట్టలు, తినడానికి గుడ్లు చాలు అనుకొనేవారు పుంజు లేకుండ ఉండడమే మేలని మా అభిప్రాయము. పిల్లలు కావాలంటే, పొదిగే పెట్ట ఉంటే, పుంజు ఉన్నవారి దగ్గర గుడ్లు తెచ్చి అరిగించవచ్చును, ఇరవైయొక్క రోజులలో పిల్లలు వస్తవి. పుంజును ఉంచుకొనేవారు ఎనిమిది నుండి పది పెట్టలకు ఒకటి చొప్పున లెక్క వేసుకోవాలి. నాలుగైదు పెట్టలకు ఒక పుంజు అయితే వాటికి విశ్రాంతి ఉండదు. అంతే పెట్టలకు రెండు పుంజులైతే ఇంటివారికీ విశ్రాంతి ఉండదు.

అత్త మాకు పది నెలల పుంజును ఇచ్చింది, అడిగిన సంవత్సరమునకు రెండు నెలలు తక్కువ, కాని తండ్రిని చూశాము గనుక సరే అన్నాము. చీకటిపడిన తరువాత గూటి నుండి తీసి, టార్చి వెలుగులో కండ్లు, ముక్కు, కాళ్ళ పొలుసులు, తోక క్రింద పేలు చూసి గంపలో పెట్టింది. రాత్రివేళ కోడి నెమ్మదిగా ఉంటుంది, చూడడానికి అదే మంచి సమయము. ఇంటికి తెచ్చిన తరువాత మూడు వారాలు వేరుగా ఉంచాము. కొక్కెర తెగులు ఒక కోడి వెంట వచ్చి మందనంతా తుడిచిపెడుతుంది. టీకా ఎప్పుడు వేసినారో అడిగి తెలుసుకోండి. పిల్లలకు మొదటి వారములో లసోటా చుక్కలు, ఎనిమిది వారాలకు ఆర్.2.బి. సూది పశువుల ఆసుపత్రిలో అడిగితే చెబుతారు. తరువాత ఒక రాత్రి పెట్టలన్నీ గూటిలో పండుకొన్న వేళ దానిని మధ్యలో దించాము. తెల్లవారి అన్నీ కలిసి దిగినవి. పగటిపూట ఒక్కసారిగా వదిలి ఉంటే మా ముసలి పెట్ట దానిని చితకపొడిచి ఉండేది. ఒక సంగతి మరువకండి: పాత పుంజు పోయినా రెండు మూడు వారాల వరకు పెట్టలు పెట్టే గుడ్లలో దాని సంతానమే ఉండవచ్చును. మొరటు పుంజు పిల్లలు వద్దనుకొంటే ఆ గుడ్లు పొదగవేయక వండుకోండి.

ఇప్పుడు మీ దగ్గర ఉన్న పుంజు సంగతి. మీదికి వచ్చినప్పుడు వెనుదిరిగి పరుగెత్తకండి. పరుగెత్తితే గెలిచాననుకొంటుంది. తన్నకండి, రాయి వేయకండి. తన్నితే పోటీ ఒప్పుకొన్నట్టే లెక్క, మరునాడు ఇంకా ఎత్తుకు ఎగురుతుంది. గంపనో, చేటనో కాళ్ళకు అడ్డము పట్టుకొని నిలబడి, అది వెనుకకు తగ్గేవరకు నెమ్మదిగా దాని వైపే నడవండి. వయసులో ఉన్న పుంజు, అప్పుడే మొదలుపెట్టినదైతే, కొన్ని వారాలలో దారికి రావచ్చును. కాలి ముల్లు మొన పదునుగా ఉంటే కొసను మాత్రము ఆకురాయితో అరగదీయవచ్చును. లోపల రక్తము, ప్రాణము ఉంటుంది గనుక మొదలంట కోయరాదు. ఇది పెట్టల వీపులకూ మేలే. పిల్లలను, ముసలివారిని మాత్రము ఈ శిక్షణ పూర్తి అయ్యేవరకు పెరటిలోనికి పోనివ్వకండి. కాళ్ళలో నరాలు ఉబ్బి ఉన్న పెద్దవారు మరీ జాగ్రత్త పడాలి. ఆస్ట్రేలియాలో గుడ్లు ఏరుకొంటున్న ఒక వృద్ధురాలిని పుంజు పిక్క మీద పొడువగా, ఉబ్బిన నరము తెగి రక్తము పోయి ఆమె మరణించినట్టు 2019లో అక్కడి వైద్యులు వ్రాశారు. ఎవరికైనా గాయమైతే సబ్బుతో కడిగి, చిన్నదే గదా అనక ధనుర్వాతపు సూది వేయించండి. పుంజు కాళ్ళు ఎప్పుడూ పెంటదిబ్బలోనే ఉంటవి.

రెండేండ్ల పుంజు, చాలకాలముగా అలవాటుపడినది, పిల్లల ముఖము ఎత్తుకు ఎగురుతున్నదంటే మాత్రము శిక్షణ అని కాలము గడపకండి. మేము గడిపినది రెండు నెలలే. కోసుకొనేవారు కోసుకోండి, అందులో తప్పేమీ లేదు. అమ్మేవారు కొనేవారికి దాని సంగతి చెప్పి అమ్మండి, ధర తగ్గినా సరే.

అత్త ఇచ్చిన పుంజు మా పెరటికి వచ్చి ఏడాది దాటింది. దాని గొంతు అంత గొప్పదేమీ కాదు, కూత చివర కొంచెము బొంగురు. పెట్టల వీపులు మరల ఈకలతో నిండినవి. పోయిన వేసవిలో మనుమరాలు వచ్చింది. గాయపు గుర్తు సన్నని గీతగా మిగిలింది. మొదటి రోజంతా వాకిలి దాటి పెరటిలో అడుగుపెట్టలేదు. పుంజు గింజలు తీసి పెట్టలను పిలవడము గడప మీద కూర్చొని చూసింది. మూడవ రోజు, "అవ్వా, అది తినకుండ వాళ్ళకిస్తాది" అన్నది. అయినా గుడ్లు తేవడానికి మా చేయి పట్టుకొనే వస్తుంది, ఇంకొక చేతిలో చేట పట్టుకొని.

పులివెందుల సహోదరీ, మీ పుంజు వయసెంతో, ఎన్నాళ్ళ నుండి ఇట్లు చేస్తున్నదో మీరు వ్రాయలేదు. రేపు ఉదయము గూడు తీసేటప్పుడు పెట్టల వీపులు చూసి, ఆ వివరాలతో మరల ఒక కార్డు ముక్క వ్రాయండి. అంతవరకు పిల్లల బంతి పెరటిలో పడితే మీరే వెళ్ళి తెచ్చి ఇవ్వండి, గంప అడ్డము పెట్టుకొని.